ఆబ్జెక్ట్‌ని కాపీ చేయాలా, పంచుకోవాలా: ఏ ఫీల్డ్‌కి ఏ పద్ధతి నప్పుతుంది

ఒక క్యాటరింగ్ వాళ్లకి నేను రాసిచ్చిన చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌లో “ఆర్డర్ కాపీ చెయ్యి” అని ఒక బటన్ ఉండేది. ఆర్డర్ అంటే కస్టమరు, తేదీ, ప్లేట్ల సంఖ్య, మెనూ లిస్ట్, కట్టిన అడ్వాన్సులు. ప్రోగ్రామ్‌లో ఇలాంటి వివరాల మూటని ఆబ్జెక్ట్ అంటారు, అందులో ఒక్కో వివరం ఒక ఫీల్డ్. పెళ్లి భోజనాలకి ఆర్డర్ ఇచ్చినవాళ్లే చాలాసార్లు రిసెప్షన్‌కి కూడా ఇస్తారు, మెనూ దాదాపు అదే ఉంటుంది, కాబట్టి మొత్తం మళ్లీ టైప్ చేయకుండా పెళ్లి ఆర్డర్‌ని కాపీ చేసుకుని రెండు మూడు మార్పులు చేసుకుంటే సరిపోవాలి. వాళ్లు అలాగే చేశారు. రిసెప్షన్ ఆర్డర్‌లో గుత్తివంకాయ తీసేసి పనీర్ కూర పెట్టారు. పెళ్లి ఆర్డర్‌లో కూడా గుత్తివంకాయ పోయి పనీర్ వచ్చి కూర్చుంది. వంటమాస్టర్‌కి ఇచ్చే ప్రింటవుట్ చూసి మేనేజర్ గారు అనుమానం వచ్చి ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది, లేదంటే ఆడపెళ్లివారి ముందు ఆయన తల దించుకోవాల్సి వచ్చేది.

నేను చేసింది షాలో కాపీ, అంటే పైపైన మాత్రమే కాపీ చేసి లోపలి లిస్టుల్ని పాతదానితో పంచుకునేది. తప్పు తెలిసింది కదా అని వెంటనే దాన్ని లోపలున్నవన్నీ కూడా కొత్తగా చేసే డీప్ కాపీగా మార్చాను, మెనూ గొడవ తీరిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంకో ఫోన్. పెళ్లివారు ఫోన్ నంబర్ మార్చారు, పెళ్లి ఆర్డర్‌లో కొత్త నంబర్ పెట్టారు, రిసెప్షన్ ఆర్డర్‌లో మాత్రం పాత నంబరే ఉండిపోయింది, వ్యాన్ డ్రైవర్ ఆ పాత నంబర్‌కే చేస్తూ కూర్చున్నాడు. ఎందుకంటే డీప్ కాపీ కస్టమర్‌ని కూడా ఇద్దరిని చేసేసింది. పైగా పెళ్లికి కట్టిన అడ్వాన్స్ రిసెప్షన్ ఆర్డర్‌లో కూడా కట్టినట్టే కనిపించింది.

ఈ రెండు ఫోన్ల వల్లే నేనీ పోలిక రాస్తున్నాను. ఇంటర్వ్యూల్లో “షాలో కాపీకి, డీప్ కాపీకి తేడా ఏంటి” అని అడుగుతారు, మనం రెండు వాక్యాల్లో చెప్పేస్తాం, వాళ్లు టిక్కు పెట్టుకుంటారు. కానీ పనిలోకి దిగాక ఎదురయ్యే ప్రశ్న అది కాదు. మొత్తం ఆబ్జెక్ట్‌కి షాలోనా డీపా అని ఒకే మాట మీద తేల్చడం కుదరదు, లోపలున్న ఒక్కో ఫీల్డ్‌కి విడిగా తేల్చుకోవాలి: ఇది ఈ ఆబ్జెక్ట్ సొంతమా, లేక వేరేవాళ్లతో కలిసి వాడుకుంటున్నదా?

ఈక్వల్ టు పెడితే ఏం జరుగుతుంది

ముందు దీని దగ్గరే చాలామంది తడబడతారు. జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, సీ షార్ప్‌లో క్లాస్‌తో (ఆబ్జెక్ట్ ఎలా ఉండాలో చెప్పే అచ్చు) చేసిన ఆబ్జెక్ట్‌ని ఇంకో వేరియబుల్‌కి ఈక్వల్ టు పెట్టి ఇస్తే ఆబ్జెక్ట్ రెండవదు. దాని రిఫరెన్స్, అంటే అది ఎక్కడుందో చెప్పే చిరునామా, మాత్రమే రెండోచోట చేరుతుంది. పట్టాదారు పాస్‌బుక్‌ని జిరాక్స్ తీయిస్తే పొలం రెండెకరాలు కాస్తా నాలుగెకరాలు అవదు కదా, అదే లెక్క. ఏ కాగితం పట్టుకుని వెళ్లినా ఆ పొలానికే వెళ్తారు, ఒకరు గట్టు తవ్వితే రెండోవారికీ తవ్విన గట్టే కనిపిస్తుంది.

అన్ని భాషలూ ఇలా ఉండవు. సీ ప్లస్ ప్లస్‌లో ఈక్వల్ టు పెడితే మామూలుగా నిజంగానే ఇంకో ఆబ్జెక్ట్‌లోకి ఫీల్డులన్నీ కాపీ అవుతాయి. స్విఫ్ట్‌లో స్ట్రక్ట్ అయితే కాపీ, క్లాస్ అయితే రిఫరెన్స్. సీ షార్ప్‌లోనూ స్ట్రక్ట్, క్లాస్ మధ్య ఇదే తేడా. పీహెచ్‌పీ అయితే మధ్యలో దారి మార్చుకుంది: 4వ వెర్షన్ వరకు ఈక్వల్ టు పెడితే ఆబ్జెక్ట్ కాపీ అయ్యేది, 2004లో 5వ వెర్షన్ వచ్చాక అవ్వడం మానేసింది, కాపీ కావాలంటే క్లోన్ అని విడిగా రాయాలి. కాబట్టి కొత్త భాషలోకి వెళ్లినప్పుడు మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే. పాత భాష అలవాటుతో ఊహించుకుంటే దెబ్బ తింటారు.

అలాగని ఈక్వల్ టు పెట్టి పంచుకోవడం తప్పేమీ కాదు. చాలా సందర్భాల్లో మనకి కావాల్సింది అదే. ఒకే కస్టమర్ ఐదు ఆర్డర్లు ఇస్తే ఐదింటికీ ఒకే కస్టమర్ ఆబ్జెక్ట్ ఉండాలి. అలా ఉంటేనే నంబర్ ఒకచోట మార్చితే అన్నిచోట్లా మారుతుంది.

షాలో కాపీ ఎక్కడ చాలు, ఎక్కడ ముంచుతుంది

షాలో కాపీ కొత్త ఆబ్జెక్ట్‌ని తయారుచేసి, పాతదాని ఫీల్డుల్లో ఏముంటే వాటిని అలాగే అందులో పెడుతుంది. ఫీల్డ్‌లో అంకె ఉంటే అంకె వస్తుంది, రిఫరెన్స్ ఉంటే రిఫరెన్స్ వస్తుంది. పైథాన్‌లో కాపీ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్, లిస్ట్‌ని మొదటినుంచి చివరిదాకా స్లైస్ చేయడం, జావాస్క్రిప్ట్‌లో మూడు చుక్కల స్ప్రెడ్, సీ షార్ప్‌లో మెంబర్‌వైజ్ క్లోన్, కాట్లిన్ డేటా క్లాస్‌తో వచ్చే కాపీ, జావాలో సూపర్ డాట్ క్లోన్, ఇవన్నీ షాలోనే. పేరులో కాపీ అని ఉంది కదా అని లోపలిదాకా వెళ్తుందనుకోకండి.

దీన్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఏంటంటే, సగం పరీక్షల్లో ఇది బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. నా ఆర్డర్‌నే చూడండి. కాపీలో ప్లేట్లు 500 నుంచి 700 చేశాను, పాతది 500 గానే ఉంది, బాగుంది అనుకున్నాను. కాపీలో మెనూ ఫీల్డ్‌కి పూర్తిగా కొత్త లిస్ట్ అప్పగించాను, అప్పుడూ పాతది చెక్కుచెదరలేదు. ఇంకేం, కాపీ సరిగ్గా అవుతోందని నమ్మేశాను. కానీ స్క్రీన్ మీద వాళ్లు చేసేది లిస్ట్ మొత్తం మార్చడం కాదు, ఉన్న లిస్ట్‌లోంచి ఒక ఐటమ్ రిమూవ్ చేసి ఇంకోటి అపెండ్ చేయడం. ఫీల్డ్‌లో కొత్తది పెట్టడం వేరు, ఫీల్డ్ చూపిస్తున్న వస్తువునే లోపల మార్చడం వేరు. మొదటిది కాపీని మాత్రమే ముట్టుకుంటుంది, రెండోది ఇద్దరినీ తాకుతుంది. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే షాలో కాపీ గురించి ఇంకేమీ చదవక్కర్లేదు.

ఇదే తప్పు ఇంకో వేషంలో కూడా వస్తుంది. పైథాన్‌లో మూడు సున్నాలున్న లిస్ట్‌ని ఇంకో లిస్ట్‌లో పెట్టి మూడుతో గుణిస్తే మూడు వరసల పట్టిక వచ్చినట్టు కనిపిస్తుంది, కానీ మొదటి వరసలో ఒక్క గడి మారిస్తే మూడు వరసల్లోనూ మారిపోతుంది, ఎందుకంటే అక్కడున్నది ఒకే వరస, మూడుసార్లు. జావాలో రెండు డైమెన్షన్ల అర్రేని క్లోన్ చేసినా అంతే, బయటి అర్రే కొత్తది, లోపలి వరసలు పాతవే.

మరి ఎప్పుడు చాలు? లోపలున్నవన్నీ అంకెలు, స్ట్రింగులు, పైథాన్ తేదీలు లాంటివి, అంటే ఒకసారి తయారయ్యాక లోపల మార్చడానికి వీల్లేనివి అయితే షాలో కాపీనే సరైనది. పంచుకున్నా ఎవరూ మార్చలేరు, ఇక భయమెందుకు? అలాంటిచోట డీప్ కాపీ పెట్టడం ఊరికే మెమరీ, టైమ్ వృథా.

డీప్ కాపీ: అడగని వాటిని కూడా లాక్కొస్తుంది

డీప్ కాపీ లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి కనిపించిన ప్రతిదానికీ కొత్తది చేస్తుంది. పైథాన్‌లో డీప్‌కాపీ ఫంక్షన్‌ని జాగ్రత్తగానే రాశారు: ఇప్పటికే కాపీ చేసిన వాటిని మెమో అనే డిక్షనరీలో రాసుకుంటూ పోతుంది, కాబట్టి ఏ నుంచి బీకి, బీ నుంచి మళ్లీ ఏకి రిఫరెన్సులు ఉన్నా తిరిగి తిరిగి అక్కడే పడి చావదు. మనం సొంతంగా రికర్సివ్‌గా (ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా) రాసుకునేటప్పుడు మర్చిపోయేది సరిగ్గా ఇదే.

సమస్య ఎక్కడంటే దానికి హద్దు తెలియదు. నా ప్రోగ్రామ్‌లో ఆర్డర్‌కి కస్టమర్ రిఫరెన్స్ ఉంది, కస్టమర్‌కి తను ఇచ్చిన ఆర్డర్లన్నిటి లిస్ట్ ఉంది. నేను ఒక్క ఆర్డర్‌కి డీప్ కాపీ అడిగితే అది కస్టమర్ దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి ఆ కస్టమర్ ఇచ్చిన ఆర్డర్లన్నిటి దగ్గరికీ వెళ్లి, వాటి మెనూలు, వాటి అడ్వాన్సులు అన్నీ కాపీ చేసుకొచ్చింది. ఒక తీగ లాగితే డొంకంతా కదిలింది. దారిలో ఫైల్ హ్యాండిలో, సాకెట్టో, లాకో తగిలితే ఇంకో రకం తలనొప్పి. పైథాన్‌లో లాక్ ఉన్న ఆబ్జెక్ట్‌కి డీప్‌కాపీ చేయబోతే టైప్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. నిజానికి ఆగిపోవడమే మంచిది, తెరిచి ఉన్న కనెక్షన్‌కి కాపీ అన్నమాటకి అర్థమే లేదు.

జావాస్క్రిప్ట్ వాళ్లకి ఇక్కడ ఒక మాట. ఆబ్జెక్ట్‌ని జేసన్ స్ట్రింగ్‌గా (డేటాని అక్షరాల్లో రాసే ఒక పద్ధతి) మార్చి మళ్లీ పార్స్ చేసే చిట్కా ఇప్పటికీ చాలా కోడ్‌లో కనిపిస్తుంది. దాని దెబ్బ పైకి కనపడదు: డేట్ ఆబ్జెక్ట్ కాస్తా స్ట్రింగ్ అయిపోతుంది, అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డులూ ఫంక్షన్లూ ఎగిరిపోతాయి, నాట్ ఏ నంబర్ ఉన్నచోట నల్ వస్తుంది, మ్యాప్, సెట్ ఖాళీ ఆబ్జెక్టులుగా మిగులుతాయి, ఎర్రర్ మాత్రం రాదు. స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే ఫంక్షన్ నోడ్ 17తో 2021లో వచ్చింది, 2022 కల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ చేరింది, డేట్, మ్యాప్, సెట్, తిరిగి తమనే చూపించుకునే రిఫరెన్సులు, అన్నిటినీ సరిగ్గా కాపీ చేస్తుంది. ఫంక్షన్ కనిపిస్తే ఎర్రర్ ఇస్తుంది. కానీ మీరు క్లాస్‌తో చేసిన ఆబ్జెక్ట్‌ని ఇస్తే ఫీల్డులు వస్తాయి తప్ప క్లాస్ పోతుంది, మెథడ్లు పిలవలేరు. అంటే ఉత్త డేటాకి ఇది బాగుంటుంది, మీ క్లాసులకి కాదు.

జావా, సీ షార్ప్‌లో ఆబ్జెక్ట్‌ని సీరియలైజ్ చేసి (బైట్లుగా మార్చి) వెంటనే డీసీరియలైజ్ చేసి (మళ్లీ ఆబ్జెక్ట్‌గా మార్చి) డీప్ కాపీ తెచ్చుకునే అలవాటు ఒకటి ఉంది. నెమ్మదిగా నడుస్తుంది, పైగా సీ షార్ప్‌లో దీనికోసం చాలామంది వాడిన బైనరీ ఫార్మాటర్‌ని భద్రతా కారణాలతో డాట్‌నెట్ 9లో, 2024లో, తీసేశారు కూడా. కొత్త కోడ్‌లో ఆ దారి పట్టకండి.

నా సలహా ఏంటంటే, డీప్ కాపీని చెట్టులా కొమ్మలుగా ఉన్న డేటాకి మాత్రమే వాడండి: సెట్టింగులు, ఫారమ్‌లో నింపిన వివరాలు, టెస్ట్ కోసం పెట్టుకున్న నమూనా డేటా. పైకి, పక్కకి రిఫరెన్సులు పోయే ఆబ్జెక్టులకి వద్దు.

జావా క్లోనా, కాపీ కన్‌స్ట్రక్టరా

దీన్లో నాకు సందేహమే లేదు, కాపీ కన్‌స్ట్రక్టర్. (కన్‌స్ట్రక్టర్ అంటే కొత్త ఆబ్జెక్ట్‌ని తయారుచేసేటప్పుడు నడిచే కోడ్.) క్లోనబుల్ అనే ఇంటర్‌ఫేస్‌లో ఒక్క మెథడ్ కూడా ఉండదు, క్లోన్ మెథడేమో ఆబ్జెక్ట్ క్లాస్‌లో ప్రొటెక్టెడ్‌గా ఉంటుంది, క్లోనబుల్ అని రాయకుండా దాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది. సూపర్ డాట్ క్లోన్ కన్‌స్ట్రక్టర్‌ని నడపకుండానే ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది, అంటే కన్‌స్ట్రక్టర్‌లో మీరు పెట్టుకున్న చెకింగులన్నీ పక్కకి పోతాయి. మెనూ ఫీల్డ్‌ని ఫైనల్ (ఒకసారి పెట్టాక ఇంకోటి పెట్టలేనిది) అని పెట్టారా, క్లోన్ లోపల దానికి కొత్త లిస్ట్ ఇవ్వలేరు. ఇన్ని ముళ్ల మధ్య నడవడం కన్నా అదే క్లాస్ ఆబ్జెక్ట్‌ని తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి రాసి ఏ ఫీల్డ్‌కి ఏం చేయాలో ఒక్కో లైన్‌లో చెప్పుకోవడం హాయి. అంకెలున్న ఒక్క వరస అర్రేకి మాత్రం క్లోన్ బాగానే ఉంటుంది, వాడుకోండి.

కాపీ కన్‌స్ట్రక్టర్‌కి ఒక లోటు ఉంది, అది దాచకూడదు. మీ చేతిలో ఆర్డర్ అనే టైప్‌తో ఒక వేరియబుల్ ఉంది, లోపల నిజంగా ఉన్నది దాని సబ్‌క్లాస్ (దాని మీద కట్టిన ఇంకో క్లాస్) అయిన పెళ్లి ఆర్డర్. న్యూ ఆర్డర్ అని కాపీ చేస్తే పెళ్లి ఆర్డర్‌కి ప్రత్యేకంగా ఉన్న ముహూర్తం లాంటి ఫీల్డులు రాలిపోయి మామూలు ఆర్డర్ చేతికొస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో దీన్నే స్లైసింగ్ అంటారు. ఇలా సబ్‌క్లాసులుంటే బేస్ క్లాస్‌లో కాపీ అనే మెథడ్ పెట్టి, ఒక్కో సబ్‌క్లాస్ తన కాపీ కన్‌స్ట్రక్టర్‌ని పిలిచి తనలాంటిదే తిరిగి ఇచ్చేలా రాయండి. ప్రోటోటైప్ ప్యాటర్న్ అనేది ఇదే.

సీ ప్లస్ ప్లస్‌లో ఇంకో ప్రమాదం. క్లాస్‌లో ముడి పాయింటర్ (మెమరీ చిరునామా) ఉండి, ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్‌లో దాన్ని డిలీట్ చేస్తుంటే, కంపైలర్ దానంతటదే ఇచ్చే కాపీ ఆ పాయింటర్‌ని మాత్రమే కాపీ చేస్తుంది, తర్వాత రెండు ఆబ్జెక్టులూ ఒకే మెమరీని రెండుసార్లు వదిలేస్తాయి, ప్రోగ్రామ్ కూలిపోతుంది. డిస్ట్రక్టర్, కాపీ కన్‌స్ట్రక్టర్, కాపీ అసైన్‌మెంట్, వీటిలో ఒకటి రాశారంటే మూడూ రాయాలని చెప్పేది అందుకే. వెక్టర్, స్ట్రింగ్ లాంటివి వాడితే మూడింట్లో ఏదీ రాయాల్సిన పని ఉండదు, అలాగే చేయండి. కాపీ అసలు కుదరని క్లాస్ అయితే కాపీ కన్‌స్ట్రక్టర్‌కి డిలీట్ అని రాసి తలుపు మూసేయొచ్చు, సీ ప్లస్ ప్లస్ 11 నుంచి ఆ వీలుంది.

అసలు కాపీ అక్కర్లేకుండా చేసుకోవడం

నన్నడిగితే అన్నిటికన్నా ముందు ప్రయత్నించాల్సింది ఇది. మారని ఆబ్జెక్టులకి కాపీ బాధే ఉండదు. జావా స్ట్రింగ్ గురించి ఎవరూ షాలోనా డీపా అని టెన్షన్ పడరు, ఎందుకంటే దాన్ని ఎవరూ లోపల మార్చలేరు. పాత జావా డేట్ క్లాస్‌ని మాత్రం మార్చవచ్చు, దానివల్ల దాన్ని ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ కాపీ చేసుకోవాల్సి వచ్చేది, 2014లో జావా 8తో వచ్చిన లోకల్ డేట్ మారదు కాబట్టి ఆ పని పోయింది.

ఇలాంటివాటిలో ఒక ఫీల్డ్ మార్చాలంటే మార్చిన కొత్త ఆబ్జెక్ట్‌ని తెచ్చుకుంటారు: కాట్లిన్‌లో కాపీ, సీ షార్ప్ రికార్డుల్లో విత్, పైథాన్ డేటాక్లాసుల్లో రీప్లేస్. ఇవన్నీ లోపల షాలోనే, కాబట్టి లోపలున్నవీ మారనివైతేనే ధైర్యంగా ఉండొచ్చు. జావా రికార్డ్ చూసి మోసపోకండి, ఫీల్డ్‌కి ఇంకో లిస్ట్ పెట్టనివ్వదు గాని ఉన్న లిస్ట్‌లోకి ఎవరైనా యాడ్ చేయగలరు. రికార్డ్ కన్‌స్ట్రక్టర్‌లోనే లిస్ట్ డాట్ కాపీ ఆఫ్ అని రాసేస్తే ఆ చిక్కు పోతుంది. అన్‌మాడిఫయబుల్ లిస్ట్ అనేది వేరే సంగతి: అది కాపీ కాదు, అసలు లిస్ట్‌కి పెట్టిన కిటికీ, వెనక అసలుది మారితే కిటికీలోంచి ఆ మార్పు కనిపిస్తుంది.

పెద్ద లిస్టుల్ని మాటిమాటికీ కాపీ చేస్తే భారం కాదా అంటారేమో. స్విఫ్ట్ అర్రే దీనికి చక్కగా దారి చూపిస్తుంది: కాపీ అడిగినప్పుడు కాపీ చేయదు, లోపల డేటాని పంచుకుంటూనే ఉండి, రెండిట్లో ఒకటి మారబోయినప్పుడు మాత్రమే నిజంగా కాపీ చేస్తుంది.

చివరికి నా ఆర్డర్‌కి ఏం చేశాను

డీప్‌కాపీ తీసేసి, డూప్లికేట్ అనే మెథడ్ ఒకటి చేత్తో రాశాను. కస్టమర్‌ని పంచుకున్నాను, అతను ఆర్డర్ సొంతం కాదు. మెనూకి కొత్త లిస్ట్ చేశాను, లోపలి ఐటమ్స్‌ని మాత్రం ఫ్రోజన్ (ఫీల్డులు మార్చనివ్వని) డేటాక్లాసులుగా మార్చి పంచుకున్నాను, ఎందుకంటే “గుత్తివంకాయ కూర, ప్లేటుకి ఇంత” అన్నది ఒకసారి రాశాక మారేది కాదు. తేదీ పాతది తెచ్చుకోలేదు, ఖాళీగా పెట్టి మీరే నింపండి అని అడిగాను. ఆర్డర్ నంబర్ కొత్తది. అడ్వాన్సుల దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించాను. షాలో చేస్తే పెళ్లికి కట్టిన డబ్బు రిసెప్షన్‌తో కలిసిపోతుంది, డీప్ చేస్తే కట్టని డబ్బు కట్టినట్టు కనిపిస్తుంది, రెండూ తప్పే. కొత్త ఆర్డర్‌కి ఇంకా ఎవరూ పైసా కట్టలేదు కాబట్టి ఖాళీ లిస్ట్ పెట్టాలి. ఈ సంగతి ఏ లైబ్రరీకీ తెలియదు, మేనేజర్ గారిని అడిగితేనే తెలిసింది.

మీరు కూడా మీ క్లాస్‌లో ఫీల్డులన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కోదాని పక్కన పంచుకోవాలి, కొత్తది చేయాలి, ఖాళీగా పెట్టాలి, ఈ మూడింట్లో ఒకటి రాసుకోండి. అన్నిటి పక్కనా పంచుకోవాలి అని వస్తే భాషతో వచ్చే షాలో కాపీ చాలు. అన్నిటి పక్కనా కొత్తది అని వస్తే, బయటికి రిఫరెన్సులు లేకపోతే, రెడీగా ఉన్న డీప్ కాపీ వాడేయండి. కలగలుపుగా వస్తే, నేను చూసిన ఆఫీసు పనుల్లో చాలావరకు ఇలాగే వస్తుంది, చేత్తో రాయండి, పది పదిహేను లైన్లకి మించదు. కొత్త ఫీల్డ్ కలిపినప్పుడు ఆ మెథడ్‌లో కలపడం మర్చిపోయే ప్రమాదం ఉంది, దానికి టెస్ట్ రాసుకోవాలి.

టెస్ట్‌లో కాపీ, అసలు సమానంగా ఉన్నాయా అని చూసి ఊరుకుంటే ఏమీ తేలదు, షాలో కాపీ కూడా అందులో పాసవుతుంది. కాపీలోని మెనూలోంచి ఒక ఐటమ్ రిమూవ్ చేసి, అసలు ఆర్డర్ మెనూలో అది ఇంకా ఉందా అని చూడాలి, కస్టమర్ ఫోన్ ఒకచోట మార్చి రెండోచోట మారిందా అని చూడాలి, అడ్వాన్సుల లిస్ట్ పొడవు సున్నా ఉందా చూడాలి. నా టెస్ట్ ఫైల్లో మొదటిదాని పేరు గుత్తివంకాయ అనే పెట్టుకున్నాను.